బావ పాటలో ఖాళీలు

మా బావ ఆఖరి పాటలో సగం లైన్లు లేవు. రెండు లైన్లు పాడి, రెండు లైన్లంత సేపు మైకు ముందు ఊరికే నిలబడ్డాడు. మళ్లీ రెండు పాడి, మళ్లీ ఊరుకున్నాడు. అలా నాలుగుసార్లు. ఊరుకున్నంతసేపూ కాలితో తాళం వేస్తూనే ఉన్నాడు కాబట్టి మరిచిపోయి ఆగలేదని నాకు తెలుసు. మిగతావి మళ్లీ వచ్చి పాడతాడనుకున్నాను. రెండు వారాలు తిరగకుండానే పోయాడు.

ఆ పాటకు నేను చేసిన బీటు ఇంతవరకూ చేసినవాటన్నిటిలో మంచిది. ఈ మాట మొహమాటం లేకుండా రాయగలను. పాట బయటికి రావాలా, నా కంప్యూటర్లోనే ఉండిపోవాలా అన్నది మాత్రం అప్పుడు నా చేతిలో లేదు. అది మా అక్క చెప్పాలి. ఆమె ఏడాది పాటు ఆయన గొంతు వినడానికి ఒప్పుకోలేదు.

నా పని బీట్లు చేయడం. ర్యాప్ పాడేవాళ్ల మాటల కింద నడిచే సంగీతం నాది. పాత పాటలోంచో, ఎక్కడో రికార్డు చేసుకున్న చప్పుడులోంచో ఒక ముక్క తీసుకుని, అది తిరిగి తిరిగి వచ్చేలా అతికి, దాని కింద దెబ్బలు వేస్తాను. ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని కుర్రవాళ్లు అడుగుతుంటారు. ఆలూరులో సెల్‌ఫోన్ల అంగట్లో నేర్చుకున్నాను.

డిగ్రీ మధ్యలో వదిలేసి ఆ అంగట్లో చేరాను. మెమొరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం, రింగుటోన్లు కోయడం నా పని. కోయడమంటే పాటలో కావలసిన ముక్కను కత్తిరించి ఫోన్లో పెట్టడం. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఏ పాట కావాలన్న దానికన్నా, అందులో ఎక్కడి నుంచి కావాలన్నదే ముఖ్యం. ఒక రైతు పీర్ల పండుగ పాట ఒకటి తెచ్చాడు.

“తప్పెట పడేకాడ నుంచి పెట్టప్పా. మాటలొద్దు.”

కోసి ఇచ్చాను. మరుసటి సంతకు మళ్లీ వచ్చాడు.

“ఏందప్పా ఇది? ఒగ సుట్టు తిరిగినాక ఎక్కిళ్లొచ్చినట్ల ఉండాది. మా ఎద్దు గూడా తల ఎత్తి చూస్తాది.”

ఆయన చెప్పింది నిజం. ముక్క అయిపోయి మళ్లీ మొదలయ్యేచోట కుదుపు ఉంది. ఆ కుదుపు పోవాలంటే ఎక్కడ కోయాలో వెతుక్కుంటూ చాలాసేపు కూర్చున్నాను. అంగడి యజమానిని అందరూ భాయ్ అనేవారు. ఆయన కౌంటరు అవతల నుంచి తొంగిచూశాడు.

“ఒగ రింగుటోనుకు ఇంతసేపా? పెండ్లికొడుక్కి సూటు కుడతాండావా బేటా?”

“అతుకు కనబడకూడదు భాయ్.”

“ఫోనెత్తితే పాట ఆగిపాయె. అతుకు చూసేటోడు ఎవుడు?”

నేను చూస్తాను, ఎద్దు చూస్తుంది అన్నాను. ఆయన నవ్వి, టీ తెప్పించాడు. ఆ తర్వాత కుదుపు లేకుండా కోసే పిల్లోడు ఉన్నాడని చుట్టుపక్కల ఊళ్లలో తెలిసింది. బీటు చేయడమంటే ఇప్పటికీ నాకు ఇదే. యంత్రాలు మారాయి.

భాయ్ బెంగుళూరు నుంచి పాత హార్డ్‌డిస్కు ఒకటి కొనుక్కొచ్చాడు. అందులో ఎవరికీ అక్కరలేని ఇంగ్లీషు పాటలున్నాయి. పాటలకు పేర్లు లేవు, అంకెలే. పాడినవాళ్లు అమెరికా నల్లజాతివాళ్లని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు మాటలు అర్థమయ్యేవి కావు. కాని లైను చివర గొంతును వదలకుండా సాగదీసి, విరిచి, మళ్లీ అందుకునే పద్ధతి తెలిసిందే. మా ఇంటి ఎదురుగా బడి ఉండేది. సెలవుల్లో మధ్యాహ్నాలు అక్కడ పద్యనాటకం రిహార్సలు జరిగేది. పాత్రధారి పద్యం చివర రాగం తీస్తుంటే హార్మోనియం మేస్త్రి ఆయన వెనకే పోయేవాడు. ముందుకు పోయేవాడు కాదు. ఆ హార్డ్‌డిస్కు పాటల్లో చర్చి ఆర్గను కూడా అలాగే గాయని వెనక నడిచేది. ఈ రెండిటినీ కలిపితే ఏమవుతుందో చూడాలనిపించింది. నా మొదటి బీటు అదే. హార్మోనియం ముక్కను సగం వేగానికి తగ్గించి, కింద తప్పెట పెట్టాను.

తప్పెట గురించి ఒక మాట. పండుగప్పుడు మంట దగ్గర కాచి వాయిస్తారు. కాచినప్పుడు ఖంగుమంటుంది. అందరికీ ఆ చప్పుడే ఇష్టం. వాయించగా వాయించగా చల్లారి, తోలు వదులై, గొంతు దిగుతుంది. మళ్లీ కాచేలోపు ఉండే ఆ దిగిన చప్పుడు నాకు కావాలి. నా బీట్లలో అడుగున వినిపించే దెబ్బ అదే. కంప్యూటరు ప్రతి దెబ్బనూ తాళం గీత మీదికి జరిపి సరిచేసి పెడతానంటుంది. నేను ఒప్పుకోను. మనిషి చేయి కొంచెం వెనకో ముందో పడుతుంది. అలా పడితేనే నాకు మనిషి ఉన్నట్టుంటుంది.

కడపలో నాకు గది చూసిపెట్టింది బావే. ఆయన లారీ డ్రైవరు. క్వారీ నుంచి బండలు తెచ్చి కడప శివార్లలో పాలిష్ మిల్లులో దించేవాడు. ఆ మిల్లు మీద గది ఖాళీగా ఉంది. బండలు కోసే చప్పుడుకు ఎవరూ అద్దెకు రారు. నన్ను తీసుకెళ్లి చూపించాడు. కింద మిషన్లు తిరుగుతుంటే ఒకరి మాట ఒకరికి వినబడలేదు. చేతులతో సైగ చేసి మిల్లు బయటికి తీసుకొచ్చి అన్నాడు:

“హైదరాబాదులో అయితే గోడలకు స్పాంజి కొడతారంట. నీకు ఆ ఖర్చు లేదు బామ్మర్దీ.”

“ఈ రాళ్ల మిల్లు మీద పాటలెట్ల తీస్తాను బావా?”

“మద్దేనం కూలోళ్లు కూడు తినేటప్పుడు మిషన్లు ఆపుతారు. అప్పుడు తియ్యి. వాళ్లు తినేలోపల పాడలేనోడు ఎప్పటికీ పాడలేడు.”

ఆయన అన్నదే నా పద్ధతి అయింది. ఉదయమంతా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని బీటు కడతాను. మిషన్లు ఆగగానే గొంతు రికార్డు చేస్తాను. కర్నూలు నుంచీ అనంతపురం నుంచీ వచ్చే కుర్రవాళ్లు మెట్ల మీద సిద్ధంగా కూర్చుని ఉంటారు. కింద చివరి మిషను ఆగుతుండగానే లోపలికి వస్తారు. తడబడితే మర్నాడే. అందుకే నా దగ్గర పాడినవాళ్లు ఇంట్లో బాగా నేర్చుకుని వస్తారు. ఒక్కో పాటలో కింద అన్నం తింటున్నవాళ్ల నవ్వు కూడా పడింది. తీసేయలేదు. బండ పగిలిందో లేదో తెలుసుకోవడానికి మిల్లులో సుత్తితో తట్టి వింటారు. పగలని బండ చప్పుడు తీసుకుని తప్పెట పక్కన వాడాను. నా బీట్లను గుర్తుపట్టేవాళ్లు ఆ చప్పుడుతోనే గుర్తుపడతారు.

బావకు ర్యాప్ అన్న మాట ఇష్టం ఉండేది కాదు. “నేను మాట్లాడతాండా, అంతే” అనేవాడు. ఒంటరిగా లారీ తోలుతూ ఇంజిను చప్పుడుకు మాటలు కట్టుకునేవాడు. మూడో గేరులో బాగా వస్తాయనేవాడు. లోడు దించేలోపు పైకొచ్చి, చొక్కా మార్చుకోకుండానే మైకు ముందు నిలబడి, ఒక్కసారికే పాడి దిగిపోయేవాడు. ఆయనవి నాలుగు పాటలు బయటికి వచ్చాయి. కోడుమూరు నుంచి ప్రొద్దుటూరు దాకా లారీ డ్రైవర్ల ఫోన్లలో అవి ఉన్నాయి.

కోడుమూరు దగ్గర వాళ్ల ఊళ్లో అక్క ఉల్లి, అదే మా వైపు ఎర్రగడ్డలు, పండించేది. నేను ఎప్పుడు పోయినా వాళ్లిద్దరూ ఏదో ఒక దానికి జగడమాడుతూ కనిపించేవారు. కోపం ఉండేది కాదు. ఇద్దరికీ నోరు ఊరుకోదు. ఒకసారి వసారాలో గడ్డల కాడలు కోస్తూ అక్క నాతో అంది:

“మీ బావ పాటల్లో లారీ ఉండాది, రోడ్డుండాది, క్వారీ ఉండాది. పెండ్లాం ఉండాదని ఎవురికన్నా తెలుస్తాదా?”

“నిన్ను పెట్టినాననుకో, పాట మొత్తం నువ్వే మాట్లాడతావు. నాకు సందుండదు” అన్నాడాయన మంచం మీద నుంచి.

“ఉన్నా ఏం జెప్తావులే. లేసి ఈ గంప ఎత్తు.”

లేచి గంప ఎత్తాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే వచ్చి ఈ పాట పాడాడు. బీటు ముందే వినిపించాను. నాటకం హార్మోనియం, దిగిన తప్పెట, బండ చప్పుడు. కళ్లు మూసుకుని విన్నాడు. “ఇది నిదానంగా ఉండాది, బాగుండాది” అన్నాడు. మిషన్లు ఆగాయి. పాడాడు. రెండు లైన్లు, ఖాళీ, రెండు లైన్లు, ఖాళీ.

“ఆ ఖాళీ ఏంది బావా?”

“ఉండనీ.”

“ఏమన్నా వాయించాల్నా దాంట్లో?”

“నువ్వేం వాయించొద్దు. మళ్లొచ్చినప్పుడు చూస్తాం.”

కింద హారను కొట్టారు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. తర్వాతి లోడుకు వస్తూ దారిలో టీ కోసం లారీ పక్కకు ఆపాడు. దిగలేదు. టీ అంగడివాడు గ్లాసు పట్టుకుని పోయి పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్లు.

దినాలు అయ్యాక అక్కకు చెప్పాను. బావ పాట ఒకటి సగంలో ఉందని.

“నాకు ఇనిపియ్యొద్దు” అంది. “ఆయప్ప గొంతు ఇప్పుడు నాకొద్దు.”

ఆయన ఫోను స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టింది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఫోను చేస్తే చేను గురించి చెప్పేది, వాన గురించి చెప్పేది. బావ మాట వచ్చేచోట ఆగి, వేరే మాట మొదలుపెట్టేది. అంతకుముందు ఆమె ఫోను పెట్టేయడమే కష్టంగా ఉండేది. ఇప్పుడు నేను అడిగిన దానికి జవాబు, అంతే. నాకు భయమేసింది పాట గురించి కాదు, దీని గురించి.

ఆ యేడంతా, చనిపోయినవాళ్ల గురించి రాసిన పుస్తకాలు చాలా చదివాను. ఎక్కువ వాటిలో పోయినవాళ్లు మంచివాళ్లే. మా బావ అబద్ధాలు బాగా చెప్పేవాడు, అప్పుడప్పుడు తాగేవాడు. ఆయన లేని లోటు ఆ పుస్తకాల్లో నాకు దొరకలేదు. పుస్తకం మూసి పనికి కూర్చుంటే కొంత నయంగా ఉండేది.

మధ్యలో హైదరాబాదు నుంచి ఒక పాటల కంపెనీ అతను ఫోను చేశాడు. పాట ఉందని ఎవరో చెప్పారట. సగం పంపితే విని, ఆ సాయంత్రమే మళ్లీ చేశాడు.

“బ్రో, బీటు అదిరింది. ఖాళీలు మన వాళ్లలో పేరున్న అతనితో ఫిల్ చేయిద్దాం. నివాళి పాటలా వస్తుంది.”

“వద్దు” అన్నాను.

“మరి సగం పాట ఎవరు వింటారు?”

“మా అక్క వినాలి. తర్వాత చూద్దాం.”

బావ లైన్లు దగ్గరికి జరిపి, ఖాళీలు తీసేసి, పొట్టి పాటగా చేసి చూశాను. అతుకు ఎక్కడా కనబడలేదు. కాని ఆయన ఊపిరాడకుండా మాట్లాడుతున్నట్టు ఉంది. వెనక్కి తెచ్చి యథాప్రకారం పెట్టేశాను. ఖాళీల్లో హార్మోనియం పెంచి చూశాను. అదీ కుదరలేదు. ఏదో చెప్పబోయి ఆపినట్టు ఉండేది. ఆ లైన్లు ఏవై ఉంటాయా అని ఆయన తోటి డ్రైవరు ఒకతన్ని కూడా అడిగాను. అతనికి తెలియదు.

సంవత్సరీకం అయిన వారానికి అక్క తనే ఫోను చేసింది.

“రేపు కడపకు వస్తాండా. ఆ పాటేందో ఇనిపియ్యి.”

“ఇంట్లో విందువులే అక్కా.”

“ఆయన పాడిన కాడనే ఇంటా.”

బస్సు దిగి నేరుగా మిల్లుకు వచ్చింది. మిషన్లు తిరుగుతున్నాయి. మెట్లెక్కి గది చూసి, చెవులు మూసుకుని ఏదో అంది. నాకు వినబడలేదు. మిషన్లు ఆగాక మళ్లీ అంది.

“ఈ గోలలో ఎట్ల ఉంటావురా? పిచ్చి పట్టదూ?”

“పట్టింది కాబట్టే ఉన్నాను. కూర్చో.”

స్పీకర్లు పెట్టాను. హార్మోనియం వచ్చింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, కంప్యూటరు వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. బావ గొంతు వచ్చింది:

“లారీ నిండా బండలేసి ఘాటు దిగి వస్తాండా,
బండకన్నా బరువు మాట ఇంటికాడ మోస్తాండా.”

ఖాళీ మొదలైంది. నేను తల వంచుకున్నాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. కిటికీ వైపే చూస్తూ, మామూలు గొంతుతో, పక్కింటి మనిషికి జవాబు చెప్పినట్టు అంది:

“మోసేదానికి లారీ ఉండాది, దించేదానికి ఇల్లుండాది,
పొయ్యి మీద సంగటుండాది, నీకే యాడ టైముండాది?”

ఆమె మాట సరిగ్గా ఖాళీ అయిపోయేచోట అయిపోయింది. వెంటనే బావ అందుకున్నాడు:

“సంగటి ముద్ద చేసి పెట్టె, చెయ్యి పెడితే దిగకపాయ,
రాయి కోసే మిషనుకిస్తే మిషను పండ్లే ఇరిగిపాయ.”

పాట ఆపేశాను. అక్క నా వైపు తిరిగింది.

“ఎందుకు ఆపితివి?”

“నువ్వు చెప్పింది... అది నీకెట్ల తెలుసక్కా?”

“తెలిసేదేముండాది? ఇంట్లో రోజూ ఇదే గదా. ఆయప్ప రెండంటే నేను రెండంటా ఉంటి. ఏంరా, అట్ల చూస్తావు?”

బండ చప్పుడులో వెంట్రుకవాసి తేడా వస్తే పట్టే నేను ఏడాది పాటు వాటిని ఖాళీలుగా విన్నాను. దానికి నన్ను నేను తిట్టుకునే తీరిక అప్పుడు లేదు. కింద కూలీలు చేతులు కడుక్కుంటున్నారు. ఆమెను లేపి మైకు ముందు నిలబెట్టాను. వద్దంది. కొంగు సర్దుకుంది. “దీంట్లోకి మాట్లాడాల్నా? ఉమ్ము పడదా?” అంది. హెడ్‌ఫోన్లు తలకు పెట్టాను. బావ గొంతు చెవుల్లోకి రాగానే వెనక్కి ఒక అడుగు వేసింది. మళ్లీ ముందుకు వచ్చింది.

మొదటిది చెప్పింది. రెండోది చెప్పింది. సంగటి మాటకు, పండ్లు ఇరిగింది మిషనువి కాదు, నీ అబద్ధాలకు నీవి ఇరగాల అని. మూడోది బావ తాగి వచ్చిన సంగతి. దానికి ఆమె చెప్పిన జవాబు ఇక్కడ రాయను, పాటలో ఉంది. మూడూ ఒక్కసారికే అయ్యాయి. ఆయన గొంతు కొంచెం వెనక పడితే ఈమెది కొంచెం ముందు పడింది. నేను దేన్నీ జరపలేదు. ఆమె మొహంలో ఏడాదిగా లేని ఒక కోపం కనిపించింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

నాలుగోది వచ్చింది:

“ముసలోన్నయితే స్టీరింగిడిచి అరుగు మీన కూసుంటా,
నువ్వు తిట్టే తిట్లన్నీ తీరిబాటుగ ఇంటుంటా.”

అక్క నోరు తెరవలేదు. ఖాళీ గడిచిపోయింది. హార్మోనియం ఒక్కటే తిరిగింది.

“ఇది ఇంట్లో అనలేదు” అంది. “ఇది ఇప్పుడే ఇంటాండా.”

కింద మిషను మొదలైంది.

ఆ రోజు కడపలో మా ఇంట్లోనే ఉండిపోయింది. నాలుగోది వదిలేస్తే ఏమని అడిగాను. ఖాళీగానే ఉంచవచ్చు, బాగానే ఉంటుంది అన్నాను. ఆమె నా మాట పట్టించుకోలేదు. ఒకసారి వంటింట్లో, ఒకసారి బట్టలు ఆరేస్తూ పెదవులు కదుపుతూ కనిపించింది. మరునాడు మధ్యాహ్నం మిషన్లు ఆగకముందే మెట్ల మీద వచ్చి కూర్చుంది. నాలుగోది ఒక్కటే పెట్టాను. ఆయన ఆగగానే అంది:

“ముసలోన్నయితానంటివి గదా, మాట తప్పి పోతివి గదా,
తిట్లన్నీ నాకాడే ఉండాయి, యాడికి తెచ్చి ఇయ్యల్ల నీకు?”

ఆఖరి ముక్క ఖాళీ దాటి బయటికి వచ్చేసింది. బీటు అయిపోయాక కూడా ఆమె మాట ఇంకా ఉంది. “మళ్లా జెప్పాల్నా?” అని అడిగింది. అక్కర్లేదన్నాను. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“బయటికి పంపల్లా అక్కా?”

“ఊరికే పెట్టుకోనీకి చెప్తినా?” అంది.

అక్క ఊరికి పోయాక పాట పూర్తి చేసి కంపెనీకి పంపాను. చివర్లో లెక్క తప్పిందని, ఆడమనిషి మాట బీటు దాటిపోయిందని, కోసేయమని అతను అన్నాడు. ఆ మాట కోయడానికి లేదన్నాను. ఆమె మాట అయ్యేదాకా హార్మోనియాన్ని సాగదీసి, తప్పెటను ఇంకో రెండు దెబ్బలు కొట్టించాను. లెక్క ప్రకారం తప్పే. వినండి, తప్పనిపించదు. వాళ్లకు వద్దంటే పాటను నేనే నెట్‌లో పెట్టుకుంటానన్నాను. రెండు రోజులు ఆగి ఒప్పుకున్నాడు.

బయటికి పోయే ముందు అక్కకు పంపాను. బీరువాలోంచి బావ ఫోను తీసి, చార్జింగు పెట్టి, దాంట్లోనే విన్నదట. ఫోను చేసింది. ఎలా ఉందని నేను అడిగేలోపే మొదలుపెట్టింది.

“ఏంరా, మీ బావవి గట్టిగా పెట్టి నావి సన్నగా పెట్టినావు? నీకు ఆయప్ప అంటేనే లెక్క. నేను అంత దూరం బస్సులో వచ్చి చెప్పింది ఎవురికీ ఇనపడకుండా ఉండేదానికా? మూడోదైతే సగం మింగేసినావు...”

ఇంకా చాలాసేపు తిట్టింది. నేను వింటూనే కంప్యూటరు ముందు కూర్చుని ఆమె గొంతు పెంచాను.